చిట్టా ఎవరి చేతిలో ఉంది?

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు, ఒక వ్యాపారంలో భాగస్వామి అయిన వ్యక్తికి లాభంలో వాటాతో పాటు మరో హక్కు కూడా దక్కుతుంది. ఆ సంస్థ లెక్కల పుస్తకాలను తెరిచి చూసుకునే, కావాలంటే నకలు రాసుకునే అధికారాన్ని ఆ చట్టంలోని 12వ సెక్షన్ ప్రతి భాగస్వామికీ ఇచ్చింది. భోజనం పొట్లాన్నో కిరాణా సంచినో గుమ్మం దాకా తెచ్చిచ్చే మనిషినీ, ఫోన్‌లో పిలవగానే కారో ఆటోనో తెచ్చి నిలిపే డ్రైవరునూ ఇవాళ ఆయా సంస్థలు ‘పార్ట్‌నర్’ అనే పిలుస్తున్నాయి. ఈ పార్ట్‌నర్‌కు లాభంలో వాటా లేదన్న సంగతి అందరికీ తెలిసిందే. అయితే లెక్కల పుస్తకం మాట అటుంచి, ఈ రోజు తన ఖాతాలో పడిన కిరాయిని ఏ సూత్రం ప్రకారం కట్టారో, పక్కనే నిలబడ్డ మరొకరికి వచ్చిన ఆర్డరు తనకెందుకు రాలేదో, నిన్నటిదాకా తెరుచుకున్న ఐడీ ఈ ఉదయం ఎందుకు తెరుచుకోవడం లేదో తెలుసుకునే దారి కూడా అతనికి లేదన్న సంగతి మీద అంతగా చర్చ జరగలేదు. సాంకేతికత, కార్పొరేట్ అధికారం, ఆర్థిక న్యాయం అనే మూడు పెద్ద మాటలు కలిసే చోటును చూడాలంటే ఈ చిన్న పదం దగ్గర మొదలుపెట్టడమే మేలు.

గిగ్ అన్న మాట అమెరికాలో జాజ్ వాద్యకారుల వాడుకలోంచి వచ్చింది. ఒక రాత్రి కచేరీకి కుదుర్చుకుని, వాయించి, డబ్బు తీసుకుని వెళ్లిపోయే పనిని వారు ఆ పేరుతో పిలిచేవారు. నెలజీతం, హాజరుపట్టీ, పింఛను వంటివేవీ లేకుండా పనికింత అని చెల్లించే ఏర్పాటుకు ఇప్పుడు అదే పేరు స్థిరపడింది. అలాంటి పనిని యాప్ ద్వారా కుదిర్చే సంస్థను ప్లాట్‌ఫామ్ అనీ, మన చట్టాల భాషలో అగ్రిగేటర్ అనీ అంటున్నారు. నీతి ఆయోగ్ 2022 జూన్‌లో వెలువరించిన నివేదిక 2020-21లో దేశంలో ఇలాంటి కార్మికులు 77 లక్షల మంది ఉన్నారని అంచనా వేసి, 2029-30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరవచ్చని చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ వీరికి కేంద్ర చట్టంలో తొలిసారిగా చోటు కల్పించింది గానీ, ఆ చోటు ఇచ్చిన తీరు విచిత్రమైనది: సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే వ్యక్తి గిగ్ వర్కర్ అని అది నిర్వచించింది. ఆ సంబంధం నిజంగా ఉందా లేదా అన్నదే అసలు తగాదా అయినప్పుడు, లేదన్న జవాబును నిర్వచనంలోనే పొదిగి పెట్టడంతో తగువు వినకముందే తీర్పు చెప్పినట్టయింది.

యాప్ పని నడిచే తీరును కొంత వివరంగా చూస్తే ఈ తగాదా స్వరూపం బోధపడుతుంది. బైకు, పెట్రోలు, ఫోను, నెట్ ప్యాక్, మరమ్మతు ఖర్చు అన్నీ కార్మికుడివే. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి ఐడీ తీసుకున్న తర్వాత అతను లాగిన్ అయి ఎదురుచూస్తాడు. ఆర్డరు తెర మీద కనిపించినప్పుడు దాన్ని తీసుకోవాలో వదలాలో తేల్చుకోవడానికి కొన్ని క్షణాల గడువే ఉంటుంది. చెల్లింపులో కనీస మొత్తం ఒకటి, దూరాన్ని బట్టి కలిసేది ఒకటి, వర్షంలోనో రద్దీ వేళలోనో తోడయ్యేది ఒకటి, వీటన్నిటి మీద ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే అదనంగా ఇంత అనే ఇన్సెంటివ్ మరొకటి. ఎదురుచూసిన సమయానికీ, సరుకు అప్పగించి ఖాళీగా తిరిగి వచ్చిన దూరానికీ సాధారణంగా విడిగా విలువ కట్టరు. ఎవరికి ఏ ఆర్డరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరి రేటింగ్ తగ్గింది, ఎవరిని ఆపేయాలి అన్న నిర్ణయాలను ఆల్గరిథమ్ తీసుకుంటుంది. ఆల్గరిథమ్ అంటే ఒక లెక్కను చేయవలసిన వరసను కంప్యూటరుకు రాసిచ్చిన నియమావళి, అంతకు మించి అందులో మంత్రమేమీ లేదు. ఆ నియమాలను రాసేది మనుషులే, మార్చేదీ మనుషులే. ఇన్సెంటివ్ గీత దాటడానికి ఒకటి రెండు ఆర్డర్లు మిగిలినప్పుడు ఆర్డర్లు రావడం మందగిస్తుందని డెలివరీ కార్మికులు తరచుగా చెప్పే ఫిర్యాదు నిజమా, అలిసిపోయిన మనసుకు తోచే అనుమానమా అన్నది తేల్చాలంటే ఆ నియమావళిని చూడాలి. దాన్ని చూడగలిగిన పక్షం ఒక్కటే. రెండో పక్షానికి మిగిలేది అనుమానమే.

ఇలాంటి ఒంటిచేతి లెక్క తెలుగు నేలకు కొత్త కాదు. రోజువారీ రాబడి-పోకలు రాసుకునే చిట్టా, వాటిని పేరుపేరునా విడదీసి ఎక్కించే ఆవర్జా షావుకారు పెట్టెలో ఉండగా, అప్పు తీసుకున్న రైతుకు తెలిసింది తాను వేసిన వేలిముద్ర ఒక్కటే. పాలమూరు నుంచి ఆనకట్టల పనులకూ రోడ్ల పనులకూ వలసవెళ్లిన కూలీలను ముందస్తు బయానా ఇచ్చి కట్టి తీసుకుపోయిన గుంపు మేస్త్రీ కూడా సీజను చివర తానే లెక్క చెప్పేవాడు. పని చేయించుకున్న కంపెనీని అడిగితే వాళ్లు మేస్త్రీ మనుషులని చెప్పి తప్పుకునేది. 1970లో వచ్చిన కాంట్రాక్టు కార్మికుల చట్టం ఈ తప్పించుకోవడాన్ని అరికట్టేందుకే ప్రధాన యజమాని అనే భావనను తెచ్చి, మేస్త్రీ కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలని శాసించింది. అయినా పాత మేస్త్రీకీ కొత్త యాప్‌కూ ఒక తేడా గమనించాలి. మేస్త్రీకి ఇల్లు ఉండేది, ఊరు ఉండేది, నలుగురిలో నిలదీస్తే తల వంచుకోవలసిన సందర్భమూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. యాప్‌ను నిలదీయడానికి వెళ్తే ముందే రాసిపెట్టిన జవాబుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోమని అడిగే చాట్ పెట్టె ఎదురవుతుంది.

పనికింత అని చెల్లించినంత మాత్రాన, నచ్చినప్పుడు వచ్చి నచ్చినప్పుడు వెళ్లే వీలున్నంత మాత్రాన యజమాని లేకుండా పోతాడా అన్న ప్రశ్నను భారత న్యాయస్థానాలు అర్ధ శతాబ్దం కిందటే ఎదుర్కొన్నాయి. వాటిలో ఒకటి తెలంగాణ ప్రాంతపు దుకాణాలు, సంస్థల చట్టం కింద తలెత్తి, సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి దర్జీలకు నెలజీతం లేదు, కుట్టిన బట్టకు ఇంత అని ఇచ్చేవారు. రాని రోజున సెలవు చీటీ పెట్టనక్కర్లేదు. మరో దుకాణంలో పని ఒప్పుకున్నా అడ్డు చెప్పేవారు లేరు. ఇంత స్వేచ్ఛ ఉన్నవారు ఉద్యోగులెలా అవుతారన్నది యజమానుల వాదన. 1973లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కుట్టుమిషన్లు దుకాణానివి కావడాన్నీ, చెప్పినట్టు కుట్టకపోతే బట్టను తిరగ్గొట్టి మళ్లీ కుట్టించే అధికారం యజమానికి ఉండడాన్నీ న్యాయమూర్తులు ముఖ్యంగా లెక్కలోకి తీసుకున్నారు. ఒక మనిషి ఒకేసారి ఇద్దరు యజమానుల దగ్గర పనిచేయవచ్చు గనక మరో చోట కుట్టడం ఈ సంబంధాన్ని చెరపదని కూడా వారు తేల్చారు. ఇవాళ ఒకే ఫోనులో రెండు మూడు యాప్‌లు పెట్టుకుని తిరిగే డ్రైవరును చూపించి, ఇతనికి యజమాని ఎవరని అడిగే ప్రశ్నకు ఆ దర్జీల తీర్పులో సగం జవాబు ఎప్పుడో వచ్చేసింది.

బీడీ పరిశ్రమ చరిత్ర దీనికన్నా బోధపరిచేది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో తునికాకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని బీడీలు చుట్టే మహిళలు కార్ఖానా గడప తొక్కనక్కర్లేదు. వేయి బీడీలకు ఇంత అని కూలి, మధ్యలో కమీషన్‌దారు, నాసిరకం అనిపించిన బీడీలను ఏరి కూలి కోయడం ఈ పని పద్ధతి. ఇది ఎంత చెదిరిపోయిన వ్యవస్థో అంత చెదిరిపోయిన బాధ్యతగా మిగిలిపోయేదే. 1966లో ప్రత్యేక చట్టం వచ్చి ఇంట్లో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. తయారీదారులు దాన్ని సవాలు చేయగా 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. భవిష్యనిధి వీరికి వర్తించదన్న వాదనకు 1985లో తెరదించుతూ, బీడీలను తిరస్కరించే హక్కు ఉన్నదంటే నియంత్రణ ఉన్నట్టేనని ఆ న్యాయస్థానమే చెప్పింది. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలవారీ భృతి ప్రకటించినప్పుడు ఎవరు నిజమైన కార్మికురాలో తేల్చుకోవడానికి ఆధారమైనది ఆ భవిష్యనిధి ఖాతాయే. చట్టం ఒకసారి సంబంధాన్ని గుర్తిస్తే దాని ఫలితాలు తర్వాతి తరాల విధానాల్లో కూడా ఎలా ఉపయోగపడతాయో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

అప్పటి తర్కం ఇప్పుడెందుకు సూటిగా పనిచేయడం లేదంటే, యాప్ పనిలో బైకు కార్మికుడిది, కుట్టుమిషన్ లాంటిదేదీ సంస్థ చేతిలో కనిపించదు. అయితే బైకు ఈ వ్యాపారంలో అసలు పనిముట్టు కాదు. బైకు ఎవరికైనా ఉంటుంది. ఆర్డర్లను తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేరు ఒక్క సంస్థ దగ్గరే ఉంటుంది. 2021 ఫిబ్రవరి 19న ఊబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు పట్టుకున్న కీలకం దాదాపు ఇదే. కిరాయిని నిర్ణయించేది ఊబరే, ఒప్పందపు షరతులు రాసేదీ అదే, ట్రిప్పులు వద్దంటే కొంతసేపు యాప్‌లోంచి బయటికి తోసేదీ అదే, రేటింగుల ద్వారా పనితీరును అదుపుచేసేదీ అదే, ప్రయాణికుడికీ డ్రైవరుకూ నేరుగా పరిచయం పెరగకుండా చూసేదీ అదే అని అయిదు అంశాలను లెక్కించి, డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులన్న వాదన నిలవదని ఆ న్యాయస్థానం చెప్పింది. కాగితం మీద ఏమని రాసుకున్నారన్నదాని కన్నా పని ఎలా జరుగుతున్నదన్నదే ముఖ్యమన్నది ఆ తీర్పు సారాంశం. నెల తిరగకుండానే ఆ దేశంలోని 70,000 మందికి పైగా డ్రైవర్లకు కనీస వేతనం, సెలవు జీతం, పింఛను వర్తింపజేస్తామని ఊబర్ ప్రకటించింది. అమెరికాలో కథ తిరగబడింది. కాలిఫోర్నియా శాసనసభ 2019లో ఇలాంటివారిని ఉద్యోగులుగా చూసే చట్టం చేస్తే, యాప్ సంస్థలు 20 కోట్ల డాలర్లకు పైగా ప్రచారానికి ఖర్చుచేసి, 2020 నవంబరులో ప్రజాభిప్రాయ ఓటింగు ద్వారా తమకు మినహాయింపు తెచ్చుకున్నాయి. చట్టం నచ్చకపోతే చట్టాన్నే మార్చుకోగల స్తోమత ఎలా ఉంటుందో ఆ ఎన్నిక చూపించింది.

ఆ స్తోమత ఎక్కడినుంచి వస్తుందో కూడా చూడాలి. ప్లాట్‌ఫామ్ వ్యాపారంలో వాడేవారు పెరిగేకొద్దీ పనిచేసేవారు వస్తారు, పనిచేసేవారు పెరిగేకొద్దీ వాడేవారు వస్తారు. ఊళ్లో పెద్ద సంతకే ఎడ్లబళ్లన్నీ పోయినట్టు రెండు వైపులా జనం ఒకే చోటికి చేరతారు. ఆర్థికశాస్త్రంలో దీన్ని నెట్‌వర్క్ ప్రభావం అంటారు. ఆ స్థితికి ముందుగా చేరుకోవడానికి మదుపరుల సొమ్మును మొదటి ఏళ్లలో ధారాళంగా ఖర్చుచేయడం ఈ రంగపు రివాజు: ప్రయాణికుడికి చవక కిరాయి, డ్రైవరుకు భారీ ఇన్సెంటివ్, రెండింటి మధ్య నష్టం మదుపరులది. ఆ ఇన్సెంటివ్‌లను చూసి వాయిదాల మీద కార్లు కొన్నవారు తర్వాత అవి తగ్గిపోవడంతో ఇరుక్కున్నారు. 2017 తొలినాళ్లలో ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో జరిగిన క్యాబ్ డ్రైవర్ల సమ్మెల వెనుక ఉన్నది ఈ వాయిదాల బరువే. ఇదంతా కేవలం కార్మికుల సమస్య అనుకోవడం కూడా పొరపాటు. జొమాటో, స్విగ్గీ తమతో నడిపే వ్యవహారాల మీద హోటళ్ల జాతీయ సంఘం ఫిర్యాదు చేయగా, 2022 ఏప్రిల్‌లో భారత పోటీ కమిషన్ విచారణకు ఆదేశించింది. చిట్టా చేతిలో ఉన్నవాడి ముందు వంటవాడూ మోసుకుపోయేవాడూ ఒకే వరసలో నిలబడవలసి వస్తుంది.

పోటీ చట్టం విషయంలో మరో చిక్కు ఉంది. దీని మీద తగినంత ఆలోచన సాగలేదనే చెప్పాలి. ఓలా, ఊబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులైతే వారంతా ఒకే ఆల్గరిథమ్ చెప్పిన ధర వసూలు చేయడం కుమ్మక్కు కాదా అంటూ ఒక న్యాయవాది వేసిన ఫిర్యాదును పోటీ కమిషన్ 2018లో కొట్టివేసింది. డ్రైవర్లు ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకోలేదు గనక కుమ్మక్కు లేదన్నది దాని తర్కం. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ నిర్ణయంలో జోక్యం చేసుకోలేదు. పోటీ చట్టం మాటకే పరిమితమై చూస్తే ఈ తర్కంలో తప్పు పట్టలేం. కానీ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే ఫలితం వేరుగా ఉంటుంది: కార్మిక చట్టం ముందుకు వెళ్తే డ్రైవరు సొంత వ్యాపారి గనక కనీస వేతనం లేదు, వ్యాపార చట్టం ముందుకు వెళ్తే సొంత వ్యాపారికి ఉండవలసిన మొదటి లక్షణమైన ధర చెప్పుకునే స్వేచ్ఛ లేదు. ఉద్యోగి రక్షణా దక్కక, వ్యాపారి స్వాతంత్ర్యమూ దక్కక అతను రెంటికీ చెడిన రేవడి అయ్యాడు.

సంస్థల పక్షాన చెప్పుకోవలసిన మాటలు లేకపోలేదు. చదువు మధ్యలో ఆగినవారికీ, వ్యవసాయం గిట్టక పట్నం చేరినవారికీ, సిఫారసు అక్కర్లేకుండా రెండు మూడు రోజుల్లో సంపాదన మొదలయ్యే దారి ఇంతకుముందు నగరాల్లో ఇంత విరివిగా లేదు. కులం అడగకుండా, ఊరు అడగకుండా పని ఇచ్చే తలుపు మన సమాజంలో చిన్న విషయమేమీ కాదు. 2026 జనవరి మొదట్లో జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ బయటపెట్టిన లెక్క ప్రకారం, టిప్పులు కాకుండా డెలివరీ కార్మికుడి రాబడి 2025లో లాగిన్ అయి ఉన్న గంటకు సగటున 102 రూపాయలు. సగటు కార్మికుడు ఏడాదిలో 38 రోజులే పనిచేశాడని కూడా ఆయన చెప్పారు. ఎక్కువమందికి ఇది పక్క ఆదాయం అన్న వాదనకు ఆ రెండో అంకె బలమిస్తుంది. కానీ సగటు అన్నది మోసకారి అంకె. ఏడాదికి పది రోజులు పనిచేసి మానుకున్నవారినీ, 300 రోజులు ఇదే బతుకుగా తిరిగినవారినీ కలిపి భాగించినప్పుడు వచ్చే 38లో ఆ రెండో వర్గం కనిపించకుండా పోతుంది. పెట్రోలు, మరమ్మతు ఖర్చు తీసివేస్తే 102 కూడా 102గా మిగలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ అంకెలు వెలుగులోకి వచ్చింది సమ్మెల వేడిలో సంస్థ తానే చెప్పదలచుకుంది గనక. అవి నిజం కాదని అనడానికి ఆధారమేదీ లేదు. నిజమేనని సరిచూసే అధికారం మరెవరికీ లేదు.

ఆ సమ్మెలు 2025 డిసెంబరు 25, 31 తేదీల్లో జరిగాయి. తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ కూడా వాటిలో ముందు నిలిచింది. ఆ యూనియన్ వ్యవస్థాపకుడు షేక్ సలావుద్దీన్ హైదరాబాద్‌లో క్యాబ్ డ్రైవర్ల సమస్యలతో మొదలుపెట్టి, యాప్ ఆధారిత రవాణా కార్మికుల జాతీయ సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి అయ్యారు. సామాజిక భద్రత కోరుతూ 2021లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఆ సమాఖ్యే. పది నిమిషాల్లో సరుకు చేరవేసే పద్ధతిని ఎత్తివేయాలన్నది సమ్మె డిమాండ్లలో ఒకటి. కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవియా సంస్థలతో మాట్లాడిన తర్వాత 2026 జనవరిలో బ్లింకిట్ తన ప్రచారంలోంచి పది నిమిషాల మాటను తొలగించింది. ప్రకటనలో మాట పోయినంత మాత్రాన లోపలి గడియారం నెమ్మదించిందా అన్నది మళ్లీ నియమావళి చూస్తే గాని తెలియని విషయమే.

ఇక చట్టాల సంగతి. రాజస్థాన్ 2023 జూలైలో దేశంలోనే మొదటిగా గిగ్ కార్మికుల చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. కేంద్రపు సామాజిక భద్రత కోడ్ ఆమోదం పొందిన అయిదేళ్లకు, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వీటన్నిటి వెన్నెముక సంక్షేమ నిధి. కేంద్ర చట్టం ప్రకారం సంస్థ తన వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం దాకా, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా నిధికి జమ చేయాలి. కర్ణాటకలో ప్రతి లావాదేవీలో కార్మికుడికి చెల్లించే మొత్తం మీద ఒకటి నుంచి 5 శాతం వసూలుచేస్తారు. ఒక ఆర్డరుకు 40 రూపాయలు వచ్చిందనుకుంటే, నిధికి చేరేది 40 పైసలకూ 2 రూపాయలకూ మధ్య. ఆసుపత్రి పాలైనప్పుడు, ప్రమాదంలో కాలు విరిగినప్పుడు ఈ నిధి విలువ తెలుస్తుంది గనక దాన్ని తక్కువ చేసి మాట్లాడడం సరికాదు. కానీ ఆ 40 రూపాయలు నిన్న 45 ఎందుకు అయింది, రేపు 35 ఎందుకు కాబోతోంది అన్న ప్రశ్నను నిధి తాకదు. నిధికి సొమ్ము కట్టడం సంస్థలకు భారమే అయినా ఆ భారాన్ని ముందే లెక్కవేసుకుని ధరలో కలుపుకోవచ్చు. సూత్రం బయటపెట్టడం అలా కలుపుకోగలిగిన ఖర్చు కాదు. అందువల్లనే డబ్బు అడిగే నిబంధనలు చట్టాల్లో గట్టిగానూ, లెక్క అడిగే నిబంధనలు మెత్తగానూ ఉన్నాయని అనుకోవలసి వస్తుంది. ఐడీ తొలగించడానికి 14 రోజుల ముందు కారణంతో నోటీసు ఇవ్వాలన్న కర్ణాటక నిబంధన, ఆల్గరిథమ్‌లు ఎలా పనిచేస్తాయో కార్మికులకు తెలపాలన్న తెలంగాణ ముసాయిదా ఆలోచన ఈ రెండో దారిలో వేసిన తొలి అడుగులు. రాజస్థాన్ చట్టం ప్రతి చెల్లింపునూ ప్రభుత్వపు కంప్యూటరు వ్యవస్థలో నమోదు చేయాలన్న మంచి ఏర్పాటును తలపెట్టింది. చట్టం చేసిన ప్రభుత్వం కొద్ది నెలలకే మారిపోవడంతో అమలు మందగించింది.

లెక్క అడగడం సాధ్యమేనా అన్న సందేహానికి జవాబు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. యూరప్ సమాచార రక్షణ చట్టం ప్రకారం, మనిషి జోక్యం లేకుండా యంత్రమే తీసుకున్న ముఖ్య నిర్ణయం వల్ల ప్రభావితుడైన వ్యక్తి దాని వెనుక తర్కాన్ని అడగవచ్చు. బ్రిటన్‌లోని డ్రైవర్లు ఈ హక్కును ఆధారం చేసుకుని వేసిన కేసుల్లో 2021లో ఆమ్‌స్టర్‌డామ్ జిల్లా న్యాయస్థానం కొంతమేరకు, 2023 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం మరింత విస్తృతంగా తీర్పు ఇస్తూ, డ్రైవర్ల మీద తీసుకున్న యాంత్రిక నిర్ణయాల వివరాలను బయటపెట్టమని ఊబర్‌నూ ఓలానూ ఆదేశించాయి. ఓలా బెంగళూరు కేంద్రంగా పుట్టిన భారతీయ సంస్థ. లండన్‌లో దాని కారు నడిపిన డ్రైవరు సంపాదించుకున్న ఈ హక్కు హైదరాబాద్‌లో అదే సంస్థ కారు నడిపే డ్రైవరుకు లేదు. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన గురించి ఏ సమాచారం ఉందో అడిగే హక్కు ఇచ్చింది గానీ, యంత్రం తీసుకున్న నిర్ణయానికి కారణం అడిగే హక్కు ఇవ్వలేదు. ఐరోపా సమాఖ్య 2024లో ఇంకో అడుగు ముందుకేసి, కేవలం యంత్రం చెప్పిందని మనిషిని పనిలోంచి తీసేయకూడదనే ఆదేశికను ఆమోదించి, 2026 డిసెంబరు 2లోగా సభ్యదేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవాలని గడువు పెట్టింది.

కమీషన్ తీసుకోకుండా డ్రైవరు దగ్గర రోజుకింత చందా మాత్రమే తీసుకునే పద్ధతి ఇటీవల వ్యాపించింది. బెంగళూరులో ‘నమ్మ యాత్రి’గా మొదలై హైదరాబాద్‌లో ‘మన యాత్రి’ అన్న పేరుతో నడుస్తున్న యాప్ దానికి ప్రసిద్ధ ఉదాహరణ. కిరాయి మొత్తం డ్రైవరుకే చెందడం వల్ల లెక్క సగం తేటపడిందన్నది నిజం. కిరాయి దొరకని రోజున కూడా నష్టం పూర్తిగా అతనిదే కావడం దాని రెండో ముఖం. డ్రైవర్లే సభ్యులుగా ఉండే సహకార ట్యాక్సీ ప్రయత్నం 2025లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. సహకార సంఘాల మంచిచెడ్డలు రెండూ బాగా ఎరిగిన తెలుగు రైతుకు, సొసైటీ పేరు మారినంత మాత్రాన పుస్తకాలు తెరుచుకోవన్న సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

1973 నాటి కేసులో దర్జీల యజమానులకు ఎదురు నిలిచిన పక్షం దుకాణాలు, సంస్థల చీఫ్ ఇన్‌స్పెక్టర్. ఆయన శాఖ అధికారి దుకాణంలోకి నడిచి వెళ్లి మిషన్లు లెక్కపెట్టవచ్చు, రిజిస్టరు అడగవచ్చు, కుట్టేవారిని పలకరించవచ్చు. నిమిషానికోసారి మారే సూత్రం మీద నడిచే వ్యాపారంలో అధికారి వెళ్లేసరికి నిన్నటి సూత్రం మాయమై ఉంటుంది. కాబట్టి ఏ రోజు ఏ రేటు ఏ ప్రాంతంలో నడిచింది, ఇన్సెంటివ్ గీతను ఎప్పుడు మార్చారు, ఎవరి ఐడీని ఏ కారణంతో ఆపారు, ఆ కారణాన్ని చూసిన మనిషి ఎవరు అన్న నాలుగు విషయాలను సంస్థ తేదీల వారీగా నమోదు చేసి కొన్నేళ్లు భద్రపరచాలనీ, కార్మికుడు తనకు సంబంధించిన పేజీని, అధికారి మొత్తం పుస్తకాన్ని అడిగి చూడవచ్చుననీ చట్టం రాయాలి. సంస్థల కంప్యూటర్లకు ఇది కొత్త శ్రమ కాదు, ఈ వివరాలన్నీ వాటి దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఏ కార్మికుడు ఏ క్షణంలో ఏ వీధి మలుపు దగ్గర ఉన్నాడో వాటికి తెలుసు.